ఆమేన్‌కి ముందే కట్

"గొంతులో ఏమీ లేదన్నాడు కదా డాక్టరు. ఏమీ లేకపోతే మాటెందుకు రావట్లేదు?" అంది అమ్మ, ఇస్త్రీపెట్టె బట్ట మీదే ఉంచేసి.

బట్ట కమురు వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు. అక్కే లేచి వెళ్ళి ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్విచ్చి ఆపి, వచ్చి మళ్ళీ తన కుర్చీలో కూర్చుంది.

"నన్నడుగుతావేంటి వదినా? నేను డాక్టర్నా?" అన్నాడు బాబాయ్.

"కాదు. డైరెక్టరువి. అందుకే అడుగుతున్నా."

బాబాయ్ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

పెళ్ళి వీడియోలు తీసుకునే బాబాయికి, మా చర్చి సంఘంలో యవ్వనస్తుల కోసం పాటల సినిమా తీయాలని బుద్ధి పుట్టింది. ఇంటిల్లిపాదినీ అందులోకి దింపాడు. నాన్న నిజంగానే పాస్టరు కాబట్టి పాస్టరు వేషం నాన్నకి. బట్టలు అమ్మ కుట్టేది. హీరోయిను అక్క. పాటలన్నీ అక్క ముందే పాడి రికార్డు చేసింది. షూటింగులో ఆ పాట స్పీకర్లో వేస్తే, గొంతు విప్పకుండా పెదాలు కలిపేది. కెమెరా కింద కూర్చుని, పాటకీ పెదవికీ ఎక్కడ తప్పిందో పట్టుకోవడం నా పని. తప్పినప్పుడు చెయ్యెత్తితే చాలు, మాట్లాడక్కర్లేదు. అందుకే ఆ పని నాకిచ్చారు.

కథలో అక్క తన గొంతు చూసుకుని మిడిసిపడే పిల్ల. ఒకనాడు బుద్ధి తెచ్చుకుని, మోకాళ్ళ మీద పడి, ఈ గొంతు నువ్వే తీసుకో ప్రభువా అంటుంది. మాట పోతుంది. చివర్లో ప్రార్థనతో తిరిగొస్తుంది.

మాట పోయే సీను షూటింగు అయిపోయింది. ఆ సాయంత్రం నుంచే అక్క నోట శబ్దం లేదు. తిరిగొచ్చే సీను ఇంకా తీయలేదు.

"ఆమేన్ అననివ్వలేదు నువ్వు," అంది అమ్మ. "మీ అన్నయ్య ప్రార్థన మధ్యలో ఉండగా కట్ అన్నావు."

"అన్నయ్య ఎక్కడ ఆపుతాడో ఎవరికి తెలుసు వదినా? చిన్న డైలాగు రాసిచ్చా. అది వదిలేసి సొంతంగా అందుకున్నాడు. అక్కడ చూస్తే బ్యాటరీ ఎర్రలైటు కొడుతోంది. నేనేం చేసేది?"

"అది డైలాగు కాదు," అన్నాడు నాన్న. పొద్దుట్నుంచీ నోరు విప్పడం అదే. "కళ్ళు మూసుకున్నాక నాకు డైలాగు రాదురా. ప్రార్థనే వస్తుంది."

"నేను చెప్పేదీ అదే," అంది అమ్మ. "నిజం ప్రార్థన. ముగింపు లేదు. వీధి తలుపు బార్లా తీసిపెట్టి లోపలికొచ్చి పడుకున్నట్టు."

అక్క బల్ల మీద వేలితో టకటకా కొట్టింది. అందరూ నావైపు తిరిగారు.

ఇది కొత్తగా వచ్చిన అలవాటు. అక్క పెదాలు చదవడం ఇంట్లో నాకొక్కదానికే వచ్చు. అక్క అన్నది నేను పైకి అనాలి.

"బాబాయ్, నీ సినిమాలో నేను హీరోయిన్నా, సౌండు పోయిన టీవీనా?" అన్నాను.

అమ్మకి ఏడుపులోనే నవ్వొచ్చింది. బాబాయ్ అక్క వైపు చూసి తల పట్టుకున్నాడు.

"నోరు పోయినా నోటిదురుసు పోలేదు నీకు."

"నోరు నీ కెమెరాలోనే ఉండిపోయింది. తీసియ్యి, వెళ్ళిపోతాను," అన్నాను.

ఇదీ అక్క అన్నదే. కానీ నా నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే విడ్డూరం. నన్ను ఇంట్లో అందరూ నోట్లో నాలుక లేనిదంటారు. మా ఊరి బళ్ళో హాజరు పిలిస్తే పలకడానికి గొంతు పెగిలేది కాదు, చెయ్యెత్తి ఊరుకునేదాన్ని. టీచరు చూడకపోతే ఆ రోజు బడికి రానట్టే. అలాంటిది ఇప్పుడు నేను నోరు తెరిస్తే బాబాయ్ మాట్లాడేవాడల్లా ఆగుతున్నాడు. నాన్న చెవి ఇటు పెడుతున్నాడు.

"ఇవాళ మధ్యాహ్నం మందిరం ఖాళీ," అన్నాడు బాబాయ్. "పాటలు పాడే క్వయిర్ పిల్లలు వస్తున్నారు. చివరి సీను లాగించేద్దాం. మాట లేకపోయినా ఏం కాదు. పాట రికార్డయ్యే ఉంది కదా, పెదాలు కదిలిస్తే చాలు."

"నా కూతురికి పెదాలు చాలా?" అంది అమ్మ.

అది కేకలా లేదు. మామూలుగా, ఉప్పు సరిపోయిందా అన్నట్టు అడిగింది. బాబాయ్ తల దించుకున్నాడు.

నాన్న లేచాడు. "ముందు ఆ రోజు తీసింది చూపించు. నేనేమని ప్రార్థించానో నాకే గుర్తులేదు."

పడకగదిలో కర్టెన్లు వేసి, కెమెరా టీవీకి కలిపాడు బాబాయ్. బయట ఎండ. గదిలో మాత్రం మా ముఖాల మీద టీవీ వెలుగే.

తెర మీద అక్క మోకాళ్ళ మీద ఉంది. "ఈ గొంతు నాకొద్దు ప్రభువా, నువ్వే తీసుకో," అంది.

ఎన్నాళ్ళకో అక్క గొంతు విన్నట్టుంది. మంచం అంచున కూర్చున్న అక్క తన మెడ మీద చెయ్యేసుకుంది.

తెర మీద నాన్న వచ్చి అక్క తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. "తండ్రీ, ఈ బిడ్డ తన నోటి మాటను నీ పాదాల దగ్గర పెడుతోంది. మాట లేనివాళ్ళకి దీన్ని దయచెయ్యి. నోట్లో నాలుక లేనివాళ్ళ నోట దీన్ని ఉంచు. అడగలేనివాళ్ళు..."

"కట్, కట్," అంది బాబాయ్ గొంతు.

బొమ్మ గిర్రున తిరిగి నేలకి దిగింది. కెమెరా ఆపడం మర్చిపోయినట్టున్నాడు. గచ్చు, కుర్చీ కాళ్ళు, ఎవరివో చెప్పులు. బ్యాటరీ ఏదని బాబాయ్ ఎవరినో అడుగుతున్నాడు. ఆ గొడవలో, చాలా దగ్గర్నుంచి, ఒక మాట.

ఆమేన్.

తర్వాత తెర నల్లబడింది.

"వెనక్కి తిప్పు," అన్నాడు నాన్న.

తిప్పాడు. గచ్చు, కుర్చీ కాళ్ళు, చెప్పులు. ఆమేన్.

"హమ్మయ్య," అన్నాడు బాబాయ్. "ఎవరో అనేశారు వదినా. ముగిసింది. ఇంకేం భయం?"

"ఎవరన్నారు?" అంది అమ్మ.

"ఎవరో ఒకరు."

"అక్కడ ఉన్నది మనం నలుగురమే. నేననలేదు. ఆయన అనలేదు. నువ్వు బ్యాటరీ వెతుక్కుంటున్నావు. పెద్దది అప్పటికే లేచి నీళ్ళకి వెళ్ళింది." అమ్మ ఆగింది. "ఇది చిన్నదాని గొంతు."

"దీని గొంతు మనమెప్పుడు విన్నాం పోల్చుకోవడానికి?" అన్నాడు బాబాయ్.

నవ్వించడానికే అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"నేనక్కడ లేనమ్మా," అన్నాను. "గేటు దగ్గరున్నాను."

అది నిజం. పాట లేని సీను కనక అక్కడ నాతో పనిలేదు. రోడ్డు మీద స్కూటర్లు హారను కొట్టకుండా చూడమని బాబాయే నన్ను గేటు దగ్గరికి పంపాడు. గేటుకీ మందిరానికీ మధ్య పెద్ద ఖాళీ స్థలం. తలుపులు మూసి ఉన్నాయి.

"అక్కడ నిలబడి ఏమైనా అన్నావా అమ్మా?" నాన్న మెత్తగా అడిగాడు.

"ఎవరితో అంటాను నాన్నా?"

ఏమీ అన్న గుర్తులేదు నాకు. కానీ అలా అడిగితే, ఏమీ అనలేదన్న గుర్తు కూడా లేదు.

"మాట లేనివాళ్ళకి ఇమ్మన్నారు మీరు," అంది అమ్మ నాన్నతో. "నోట్లో నాలుక లేనివాళ్ళ నోట పెట్టమన్నారు. మనింట్లో ఆ మాట ఎవర్నంటామండీ?"

ముగ్గురూ నన్ను చూశారు. అక్క మాత్రం చూడలేదు. నల్లబడ్డ తెరనే చూస్తూ పెదాలు కదిపింది.

"ఇంకోసారి వెయ్యమంటోంది," అన్నాను.

బాబాయ్ వేశాడు.

ఆమేన్.

ఈసారి కాస్త గట్టిగా వినపడింది.

"వాల్యూము నేనేం పెంచలేదు," అన్నాడు బాబాయ్, ఎవరూ అడక్కుండానే.

నాన్న వెళ్ళి కర్టెన్లు లాగేశాడు. ఎండ లోపలికి పడి అందరం కళ్ళు చికిలించుకున్నాం.

"పదండి, చివరి సీను తీద్దాం," అన్నాడు నాన్న. "కానీ ఒకటి. నేను ముగించేదాకా నీ నోట కట్ అన్న మాట రాకూడదు. బ్యాటరీ పోతే పోనీ."

మందిరం పక్కగదిలో మడతకుర్చీలు గోడకి ఆనించి ఉన్నాయి. మూలన విరిగిన మైకు స్టాండు. నిలువుటద్దం ముందు అక్కని నిలబెట్టి, అమ్మ కింద కూర్చుని గౌను అంచు మడిచి సూదులు గుచ్చుతోంది. పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకోవడం వల్ల అమ్మ మాట సగమే వస్తోంది.

అద్దంలో అక్క నన్ను చూసి పెదాలు కదిపింది. పైకి చెప్పొద్దని కళ్ళతో సైగ చేసింది.

నా మాట నీ దగ్గరుందా?

"నాకేం తెలుసక్కా?" అన్నాను.

"ఎవరితోనే?" అంది అమ్మ.

"అక్కతో."

ఉంటే ఇచ్చేస్తావుగా?

"ఇచ్చేస్తాను," అన్నాను. ఆలోచించి చెప్పలేదు. అలా అడిగితే ఎవరైనా అదే చెబుతారు.

అక్క నవ్వింది. చిన్నప్పుడు నా బదులు కొట్టుకెళ్ళి వస్తువులు అడిగేది అక్కే. చుట్టాలొస్తే నా పేరు, నా తరగతి అన్నీ తనే చెప్పేసేది. చిన్నదానికి సిగ్గు అనేది. అదీ తనే చెప్పేది.

"చంకల దగ్గర బిగుతుగా ఉందేమో అడుగు," అంది అమ్మ.

"పట్టేస్తోందట. ఊపిరాడట్లేదట. అసలీ రంగే నచ్చలేదట. పెళ్ళికొడుకు సఫారీ గుడ్డలా ఉందట."

"కొట్లో ఈ రంగు చూసి నువ్వే కదే ముచ్చటపడ్డావు చిన్నీ," అంది అమ్మ అంచు మీద నుంచి తలెత్తకుండా.

నేను అద్దంలోకి చూశాను. అక్క పెదాలు మూసే ఉన్నాయి.

కదల్లేదు అవి. అమ్మ అడిగింది మొదలు ఒక్కసారీ కదల్లేదు.

అక్క కళ్ళు పెద్దవయ్యాయి. నాకా రంగు ఇష్టమే. సఫారీ గుడ్డ అన్న పోలిక నాకు తట్టేది కాదు. అలాంటి వెటకారం అక్కదే.

అక్క మెల్లిగా తలూపింది. నిజమే, రంగు తనకి నచ్చలేదు. కానీ ఆ మాట తనింకా అనలేదు.

గిరుక్కున తిరిగి నా నోటి మీద అరచెయ్యి పెట్టింది. చిన్నప్పుడు నేనేడిస్తే అమ్మకి వినపడకుండా ఇలాగే మూసేది. అప్పుడు ఆ చెయ్యి మెత్తగా ఉండేది.

"కదలకే, సూది గుచ్చుకుంటుంది," అంది అమ్మ.

అక్క అరచెయ్యి కింద నా పెదాలు కదిలాయి. ఏమన్నానో నాకు తెలీదు. అక్కకి తెలిసింది. చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకుంది.

హాల్లో క్వయిర్ పిల్లలు తెల్లచొక్కాల్లో వరసగా నిలబడి, నిలబడలేక ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు.

"మీ అక్కకి నిజంగా మాట పోయిందా, యాక్టింగా?" అని అడిగింది చివరి వరసలో జడల పిల్ల.

"యాక్టింగైతే మీ అక్కకి అవార్డివ్వాలి," అన్నాడు పక్కనున్నవాడు. "నేనైతే పూట గడవకముందే తిండి కోసం అరిచేసేవాణ్ణి."

మామూలుగా అయితే నేను తల దించుకుని తప్పుకునేదాన్ని. "అవార్డు మాకొద్దు. నువ్వు వరసలో సరిగ్గా నిలబడితే చాలు," అన్నాను. వాడు బిత్తరపోయి సర్దుకున్నాడు. చుట్టూ పిల్లలు నవ్వారు. నా మాటకి నలుగురు నవ్వడం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

నాన్న నా భుజం మీద చెయ్యేశాడు. "నువ్వు గేటు దగ్గరికి వెళ్ళకు. అక్క పక్కన నిలబడు."

"ఫ్రేములో పడుతుంది అన్నయ్యా," అన్నాడు బాబాయ్.

"పడనీ."

అక్క మోకాళ్ళూనింది. నేను పక్కన నిలబడ్డాను. అమ్మ గోడవారగా, సూదుల డబ్బా చేతిలోనే పట్టుకుని ఉంది. ఫ్యాను చప్పుడు రికార్డవుతుందని బాబాయ్ ఆపించాడు. ట్యూబులైటు మాత్రం సన్నగా రొద పెడుతోంది. కెమెరా మీద ఎర్రచుక్క వెలిగింది.

నాన్న కళ్ళు మూసుకున్నాడు.

"తండ్రీ, ఆ రోజు నేను తొందరపడి అడిగాను. అడిగినదే నువ్విచ్చావు. నీ తప్పు లేదు. ఈ బిడ్డ మాట ఈ బిడ్డకి చేరనీ. అది ఎవరి దగ్గరుందో నాకు తెలీదు, నీకు తెలుసు. ఆ నోరే ఆమేన్ అననీ. మేమెవ్వరం అనం. ఎదురు చూస్తాం."

అక్కడితో ఆగిపోయాడు.

అలవాటు కొద్దీ ఒకరిద్దరు పిల్లలు ఆమేన్ అనబోయి, సగంలో నాలుక్కరుచుకున్నారు.

నేననాలి. అందరికీ తెలుసు. ఒక్కమాట. అంటే అక్కకి మాటొస్తుంది. అంటే రేపట్నుంచి నేను మళ్ళీ చెయ్యెత్తాలి. అన్నం దగ్గర కూర కావాలంటే అమ్మ నావైపు చూసేదాకా కూర్చోవాలి. చుట్టాలొస్తే చిన్నదానికి సిగ్గు అని అక్క చెబుతుంటే వినాలి.

అయినా అందామనే నోరు తెరిచాను.

అక్క ముఖం నా వైపు ఎత్తింది. నిదానంగా పెదాలు కదిపింది, పాటలో ఒక్క అక్షరమూ తప్పకుండా కదిపేది చూడండి, అలా.

అనవే చిన్నీ. ఆమేన్ అనవే.

"పెద్దది ఏమంటోందమ్మా?" అన్నాడు నాన్న, కళ్ళు తెరవకుండా.

"వద్దంటోంది నాన్నా."

హాలు చివరిదాకా వినపడింది నా గొంతు. ఎక్కడా వణకలేదు.

నాన్న కళ్ళు తెరిచాడు.

అక్క తల అడ్డంగా ఊపుతోంది. ఊపుతూనే ఉంది. పెదాలు ఎంత వేగంగా కదులుతున్నాయంటే అమ్మ ఆత్రంగా నా దగ్గరికి వచ్చేసింది.

"తల ఊపుతోందేంటే? ఏమంటోంది?"

"అదేనమ్మా. వద్దు, వద్దు అంటోంది. తనకిలాగే బాగుందట."

అమ్మ చేతిలోంచి డబ్బా జారి గచ్చు మీద సూదులు చెల్లాచెదురయ్యాయి. అక్క మోకాళ్ళ మీదే ఆ సూదుల మీదుగా జరిగి నాన్న చొక్కా పట్టుకుంది. నోరు పూర్తిగా తెరిచింది. మెడ నరాలు పొంగాయి. అరుస్తోంది. అంత అరుపులో చిన్న శబ్దం లేదు. ట్యూబులైటు రొద మాత్రమే.

క్వయిర్లో జడల పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. పక్కనున్నవాడు, ఎంత బాగా చేస్తోందో అని గొణిగాడు. బాబాయ్ కట్ అనలేదు. అనకూడదని నాన్న ముందే చెప్పాడు. ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది.

నాన్న కింద కూర్చుని అక్క ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ పెదాలనే చూశాడు, చాలాసేపు చూశాడు. ఆయనకి చదవడం రాలేదు. అక్క తల మీదుగా నావైపు చూశాడు.

"కంగారు పడకు తల్లీ," అన్నాడు నాతో. "నిదానంగా చెప్పు. అక్క ఇంకా ఏమంటోంది?"